నిన్నటి బస్తాలు

వరద నీళ్లు మా గోదాంలో కాటా పళ్లెం దాకా వచ్చిన ఏడాది అది. అంతకు ముందు వచ్చిన వరద గేటు దగ్గరే ఆగింది. ఆ తర్వాత వచ్చినది వెనక గోడను ఎత్తుకుపోయింది. నేను చెప్పేది ఈ రెంటికీ నడుమ వచ్చిన వరద సంగతి.

ఆ గోదాంలో మా బావ కాటా మీద కూర్చునేవాడు. బావంటే మా అక్క మొగుడు. నేను బస్తాలు మోసేవాణ్ణి. కాటా మీదికి పోకముందు అతనూ మోసేవాడే, మా ఇద్దరిదీ ఒకే జట్టు. అక్క నాకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. అతను చూసేవాడు. నేను చూసి ఊరుకునేవాణ్ణి. "నువ్వు ఊరుకోబట్టే కదరా నాకు పెళ్లయింది" అని బావ చాలా ఏళ్లు నవ్వాడు. నాకు మాటలు తక్కువ. గోదాంలో అందరూ నన్ను తాళం అనేవాళ్లు. బావ మామూలుగా బామ్మర్దీ అనేవాడు, కోపం వస్తే అతనూ తాళమనే అనేవాడు.

మోకాలు పాడయ్యాక మేస్త్రీ బావను కాటా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. పని మారింది గానీ తిండి మారలేదు. బరువులు మోసేవాళ్లం పొద్దున్నే వెన్న దట్టంగా పట్టించిన రొట్టెలు, కొవ్వు తియ్యని మాంసం తిని బయల్దేరేవాళ్లం. మధ్యాహ్నానికి అదంతా ఎటు పోయిందో కూడా తెలిసేది కాదు. కుర్చీలో కూర్చున్నాక కూడా బావ అదే తినేవాడు.

"కాస్త తగ్గించరాదూ?" అనేది అక్క.

"వీపు చేత పని మాన్పించారు. నోటి చేత కూడా మాన్పిస్తే ఇంక నేనెందుకే?"

"ఆ నోటికి కూడా ఓ మోకాలుంటే బాగుండును. ఈపాటికి అరిగిపోయి ఉండేది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను తినేసి లేచేవాణ్ణి.

ఆ ఏడు వేసవిలో మేస్త్రీ ఒక మాట చెప్పాడు. గేటు దగ్గర కొత్త కాటా పెడుతున్నారు. లారీని లారీలాగే తూచేస్తుంది, అంకె దానంతటదే చూపిస్తుంది. బస్తా బస్తా తూచే పాత కాటాను తీసేస్తారు. పక్కన ఉన్న కుర్చీ కూడా పోతుంది. కుర్చీలో ఉన్న మనిషి సంగతి ఎవరూ అడగలేదు. మేస్త్రీ మంచివాడు కాబట్టి తనే అన్నాడు, "క్రేను గది ఖాళీగా ఉంది. నీకు క్రేను తోలడం వచ్చు కదా. అడుగుతావా?"

బావకు వచ్చు. మోకాలు బాగున్న రోజుల్లో సరదాకి నేర్చుకున్నాడు. క్రేను గది చాలా ఎత్తున, ఇనప నిచ్చెన చివర ఉంటుంది. పొద్దున ఒకసారి ఎక్కి సాయంత్రం ఒకసారి దిగడమే. "ఆ మాత్రం నా మోకాలు ఓర్చుకుంటుంది. దాంతో నేను మాట్లాడుకుంటాలే" అన్నాడు బావ.

క్రేను గది ఎందుకు ఖాళీ అయిందో మాకందరికీ తెలుసు. అంతకు ముందు అందులో కూర్చున్న మనిషి ఒకరోజు మధ్యాహ్నం పైనే భోజనం చేసి పని మొదలుపెట్టాడు. వల నిండా బస్తాలు గాల్లో వేలాడుతున్నాయి. క్రేను కదలడం ఆగిపోయింది. కింద నుంచి కేకలేస్తే పలకలేదు. నేనెక్కి చూస్తే ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగి ఉన్నాడు. నా వీపుకి కట్టుకుని దించాను. నిచ్చెన సగంలో ఉండగా అతని చేయి నా భుజం మీద నుంచి జారి కిందికి వేలాడింది. దిగాక చూస్తే ప్రాణం లేదు. బస్తాల వల కింద అప్పటిదాకా ఎవరూ నిలబడి లేకపోవడం ఆ రోజు మాకు దక్కిన అదృష్టం.

అప్పటి నుంచి పైకెక్కే మనిషి ఎవరైనా ముందు ఆస్పత్రికి వెళ్లి డాక్టరు చేత సరే అనిపించుకోవాలి. ఆస్పత్రి మెరక మీద ఉంది. ఏ వరదకీ నీళ్లు అక్కడికి ఎక్కలేదు. బావ నన్ను తోడు తీసుకెళ్లాడు. ఒంటరిగా వెళ్తే మెట్ల మీద మోకాలు మొరాయిస్తుందని భయం.

రక్తం తీసే అమ్మాయి మా అక్క కూతురంత ఉంటుంది. పరగడుపున ఒకసారి రక్తం తీసింది. తర్వాత ఒక గ్లాసు నిండా చిక్కటి మీగడ, వెన్న రాసిన రొట్టె తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేం పరీక్షమ్మా! తిండి పెట్టి మరీ రక్తం తీస్తారా? ముందే చెబితే రోజూ వచ్చేవాణ్ణి కదా."

"తినకుండా వస్తే చాలామందికి బాగానే కనిపిస్తుంది బాబాయ్. తిన్న కొవ్వుని ఒళ్లు ఎంత తొందరగా సర్దుకుంటుందో చూడాలి. ఇది తిని నాలుగు గంటలు ఆ బల్ల మీద కూర్చోండి. అటూ ఇటూ తిరగకండి."

"తిరిగితే?"

"తిరిగితే లెక్క తప్పుతుంది."

"మా ఆవిడ తిరగమంటుంది, నువ్వు కూర్చోమంటావు. మీ ఆడవాళ్లంతా ముందు ఒక మాట మీదికి రండి తల్లీ."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు గంటలయ్యాక మళ్లీ రక్తం తీసి, గుండ్రంగా తిరిగే యంత్రంలో గాజు గొట్టాన్ని పెట్టింది. బయటికి తీశాక ఎరుపంతా అడుక్కి దిగింది. పైన తేటగా, లేత పసుపుగా ఉండాలట. బావది పాలలా ఉంది. విరిగిన పాల మీద తేలే నీళ్లలా కూడా లేదు. అచ్చం పాలే.

ఆమె గొట్టం వెనక తన వేలు పెట్టింది. "నా వేలు కనిపిస్తోందా బాబాయ్?"

"లేదు."

"కనిపించాలి."

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. ఈ రక్తంతో పైకి పంపను అన్నాడు. కొవ్వు తగ్గించి, రోజూ నడిచి, వానలు ముదిరాక మళ్లీ రమ్మన్నాడు. తారీకు రాసిచ్చాడు. ఆ తారీకు దాటితే కంపెనీ ఇంకో మనిషిని ఎక్కిస్తుందని మేస్త్రీ ముందే చెప్పాడు. వచ్చేస్తుంటే రక్తం తీసే అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "పరీక్షకి ముందు రెండు రోజులు బరువు పనులు పెట్టుకోకండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండి రండి" అంది.

ఈ మాట మా గోదాంలో పెద్ద తగువైంది. మా జట్టులో వకీలని ఒకడుండేవాడు. వాడు ఏ కోర్టూ ఎక్కలేదు, కానీ ప్రతిదానికీ వాదించేవాడు.

"బరువు పని వద్దన్నారా? ఎందుకు వద్దన్నారో ఆలోచించారా?"

"ఒళ్లు అలిసిపోతుందని" అన్నాడెవరో.

"నీ మొహం. నీకు నష్టమైతే చెయ్యమనేవాళ్లు. చేస్తే మంచిగా వస్తుంది కాబట్టే వద్దన్నారు. వద్దన్న చోటే ఉంటుంది కిటుకు. ముందు రోజు ఒళ్లు విరిగేలా మొయ్యి పెద్దన్నా, తెల్లారేసరికి నీ రక్తం కడిగిన గాజులా ఉంటుంది."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. వకీలు వైపు కాసేపు చూసి, కాటా గుండు ఎత్తి పళ్లెంలో పెట్టాడు.

వాడు సగం నిజమే చెప్పాడని మాకు తర్వాత తెలిసింది. మిగతా సగం మాకు చెప్పేవాళ్లు లేరు.

ఆ రెండు నెలలూ బావ వెన్న తగ్గించాడు. నడవలేదు. మా వీధి మొగదలకి రోజూ కంపెనీ లారీ వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేది. "లారీ ఉండగా నడిచేవాణ్ణి చూస్తే జనం ఏమనుకుంటారు, ఉద్యోగం పోయిందనుకోరూ?" అనేవాడు. అక్క పాత దుప్పటి మడతలు వేసి కుట్టి క్రేను కుర్చీకి మెత్త తయారు చేసింది. ఇనప కుర్చీ నడుముకి పట్టేస్తుందని ఎవరో చెప్పారట. మెత్త నాలుగు మూలలా కట్టుకోవడానికి నాడాలు కూడా పెట్టింది. బావ దాన్ని రోజూ ఒకసారి కూర్చుని చూసుకునేవాడు.

పరీక్షకి ముందు రోజు తెల్లవారుతూనే నీళ్లొచ్చాయి.

మేం వెళ్లేసరికి గోదాం మొదటి మెట్టు మునిగింది. కింది గదుల నిండా గోధుమ బస్తాలు. కరెంటు తీసేశారు, క్రేను లేదు, ఏ యంత్రమూ లేదు. అన్నీ మనుషుల వీపుల మీదే పై అంతస్తుకి ఎక్కాలి. మేస్త్రీ గొంతు పోయేలా అరుస్తున్నాడు. బావ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తలగుడ్డ విప్పి మోకాలికి బిగించి కట్టాడు.

"నువ్వెందుకు? నువ్వు పైన నిలబడి వరసలు చూడు చాలు" అన్నాడు మేస్త్రీ.

"నా కాటా మునిగిపోతోంది మేస్త్రీ. ఇంక నేను కూర్చునేదెక్కడ?"

అని వంగాడు. నేనే అతని వీపు మీద మొదటి బస్తా పెట్టాను. ఏళ్ల తర్వాత అతని మెడ కింద ఆ కండ మళ్లీ లేవడం చూశాను. మెట్ల మీద కుడి కాలు ముందు పెట్టి, ఎడమ కాలిని దాని పక్కకి లాక్కుంటూ ఎక్కాడు. పైన బస్తా దించి వెనక్కి తిరిగేసరికి ముఖమంతా వెలిగిపోతోంది.

"ఏరా బామ్మర్దీ, మర్చిపోలేదురా వీపు!"

ఆ రోజంతా అతను అలాగే ఉన్నాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, నడుముల దాకా వచ్చాయి. కుర్రాళ్లు జారితే తిట్టాడు, జారకుండా ఎక్కితే ఇంకా పెద్దగా తిట్టాడు. వకీలు మెట్ల మీద ఆగిపోతే "దావా రేపటికి వాయిదా వెయ్యి నాయనా, ముందు దారి వదులు" అన్నాడు. మధ్యలో తినడానికి తలా ఒక ఎండు రొట్టె దొరికింది, అంతే. పొద్దు వాలేసరికి కింది గదులు ఖాళీ అయ్యాయి. కాటా పళ్లెం నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపించింది. బావ పైమెట్టు మీద కూలబడి దాన్నే చూస్తూ నవ్వాడు. అంత సంతోషంగా అతన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు అతను వరద కోసం మోశాడా, వకీలు మాట విని మోశాడా, నాకు తెలియదు. నేను అడగలేదు. రెండూ అయి ఉండవచ్చు.

మర్నాడు పొద్దున్నే మెరక దారిన ఆస్పత్రికి వెళ్లాం. బావ మోకాలు వాచింది. నా భుజం మీద బరువంతా వేసి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి చెవిలో చెప్పాడు, "లోపల ఆ పిల్ల ఏమైనా అడిగితే నువ్వు ఎప్పటిలాగే ఉండు. కొత్తగా మాట్లాడకు."

మీగడ తాగాడు, రొట్టె తిన్నాడు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆ నాలుగు గంటలూ అతను క్రేను గది గురించే మాట్లాడాడు. అక్కడి నుంచి చూస్తే మన ఇంటి కప్పు కనిపిస్తుందా? ఏటి అవతల ఒడ్డు కనిపిస్తుందా? గాలి బాగా వస్తుందట, నిజమేనా? నువ్వెక్కావు కదా, చెప్పు.

నేనెక్కింది ఒక్కసారే. ఆ రోజు నేను చూసింది ఇంటి కప్పుని కాదు.

అప్పుడే అనవలసింది. బావా, నిన్న మోశామని నువ్వే ఆ పిల్లకి చెప్పెయ్యి, రేపు పైన నీకేమైనా అయితే అక్క ముఖం నేను చూడలేను, అని ఆ బల్ల మీద అతని పక్కన కూర్చుని చెప్పాల్సింది. కావలసినంత సేపు ఉంది. మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే కూర్చుంది. "ఇల్లు కనిపిస్తుంది బావా" అన్నాను. అంతే అన్నాను.

యంత్రం ఆగాక ఆ అమ్మాయి గొట్టం పట్టుకుని మా దగ్గరికే వచ్చింది. పైన తేటగా ఉంది. ఆమె వెనక వేలు పెడితే గోరు మీద సిరా మరక కూడా కనిపించింది.

"చూశావా తల్లీ!" అని బావ తొడ మీద చరుచుకున్నాడు. "నీ వేలు దొరికింది!"

ఆమె నవ్వింది గానీ గొట్టాన్ని దించలేదు. "ఇంత తేడా ఎలా వచ్చింది బాబాయ్? రోజూ నడిచారా?"

"ఆ... నడుస్తూనే ఉన్నాగా."

"మెడ మీద ఆ ఎరుపేమిటి?"

"దోమలమ్మా. వరద కదా."

"చర్మం చెక్కుకుపోయేలా కుట్టాయే! ఏం దోమలవి?" అని నా వైపు తిరిగింది. "మీరు ఈయనతోనే ఉంటారుగా. మీరు చెప్పండి. నిన్న ఈయన ఏం చేశారు?"

బావ నన్ను చూశాడు. అతనికి భయమే లేదు. నేను మాట్లాడనని అతనికి అంత నమ్మకం. పెళ్లికి ముందు ఊరుకున్నాను, ఆ తర్వాత ఎన్నిటికో ఊరుకున్నాను. నాకు మాత్రం నిచ్చెన సగంలో నా భుజం మీద నుంచి జారిన ఆ చేయి గుర్తొచ్చింది.

"నిన్న తెల్లారిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా బస్తాలు మోశాం" అన్నాను. "సరిగా తినలేదు కూడా."

ఆ అమ్మాయి గొట్టాన్ని పక్కన పెట్టి బావ ఎదురుగా కూర్చుంది. గొంతులో కోపం లేదు.

"అదీ సంగతి. చూడండి బాబాయ్, నిన్న అంత పని చేసిన కండలు ఇవాళ ఆకలి మీద ఉంటాయి. మీరు తిన్న కొవ్వు రక్తంలోకి వచ్చీ రాగానే అవి లాగేసుకుంటాయి. అందుకే ఇంత తేటగా ఉంది. ఇది నిన్న మోసిన బస్తాల పుణ్యం. మీరు రోజూ కుర్చీలో కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో ఇది చెప్పదు."

"అయితే ఏం? మంచిదే కదా వచ్చింది?"

"మంచిదే. కానీ ఒక రోజు ఉంటుంది, మహా అయితే రెండు రోజులు. కూర్చుంటే మళ్లీ మొదటికే. దాచిపెట్టుకోవడానికి లేదు."

"అంటే రోజూ బస్తాలు మొయ్యాలా?"

"బస్తాలక్కర్లేదు. నడిచినా చాలు, మీ మోకాలు ఎంత ఒప్పుకుంటే అంత. కాకపోతే రోజూ. నిన్న నడిచింది ఇవాళ్టి తిండికి పనికొస్తుంది. ఇవాళ నడిచేది రేపటికి."

బావ గోడకి ఆనుకున్నాడు. "బాగుందమ్మా. కూర్చునే ఉద్యోగం కావాలంటే నడవాలన్నమాట."

అది అతను ఆ రోజు వేసిన ఆఖరి ఛలోక్తి. ఆమె నవ్వబోయి నా ముఖం చూసి మానేసింది.

డాక్టరు వరద మూలంగా ఇలా అయిందని ఒప్పుకుని, ఆ తారీకును కొన్నాళ్లు జరిపించి మరో అవకాశం ఇప్పించాడు. కొన్ని రోజులు మామూలుగా ఉండి రమ్మన్నాడు. గోదాంలో నీళ్లు తీశారు. కాటాను కడిగి తుడిచి మళ్లీ నిలబెట్టారు. బావ దాని పక్కన కూర్చున్నాడు. వెన్న ముట్టుకోలేదు. మాంసం ముట్టుకోలేదు. నాతో మామూలుగానే మాట్లాడాడు, కాస్త మర్యాద ఎక్కువైంది. వకీలు మాత్రం "ఏంట్రా, తాళం తుప్పు వదిలిందట" అన్నాడు. బావే వాణ్ణి కసిరాడు. "వాడికి అనిపించింది వాడు చెప్పాడు. నా రక్తం నాకు తెలీదా, చూస్తూ ఉండు" అన్నాడు. ఇంకా ఆశ ఉంది అతనికి. ఆశ ఉన్నంత సేపూ నన్ను క్షమించాడు.

మూడోసారి ఆమె గొట్టం వెనక వేలు పెట్టలేదు. అవసరం లేకపోయింది. మొదటిసారంత చిక్కగా లేదు, నీళ్లు కలిపిన పాలలా ఉంది.

"మొదటి దాని కంటే నయం" అన్నాడు డాక్టరు. "నడిస్తే ఇంకా దిగుతుంది. ఏడాదిలో మళ్లీ చూద్దాం. ఇప్పుడు మాత్రం పైకి పంపలేను."

కుర్చీ ఏడాది ఆగదని డాక్టరుకి ఎవరు చెబుతారు? బావ చొక్కా చేతులు కిందికి లాక్కుని బొత్తాం పెట్టుకోబోయాడు. బొత్తాం కన్నంలోకి పోలేదు. నేను పెట్టబోతే చేయి విదిలించాడు.

ఇంటి దారిలో వీధుల నిండా బురద. జనం ఇళ్ల ముందు తడిసిన పరుపులు ఆరేసుకుంటున్నారు. నడవడానికి వీలుగా బురద మీద చెక్కలు వేశారు. ఒక చెక్క మీద నేను ముందు దాటి చేయి అందించాను. అతను పట్టుకోలేదు. బురదలోనే దిగి, వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు నెలకో మాట మాట్లాడతావు కదరా. ఆ ఒక్క మాటా నా నెత్తి మీదే పడాలా?"

నేను చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను.

"చెప్పు. ఇప్పుడు చెప్పు. నా పక్కన కూర్చుని నాలుగు గంటలున్నావు. నాకు చెప్పకూడదూ? ఒద్దు బావా, ఎక్కొద్దు అని నాతో అనకూడదూ? నేను వినేవాణ్ణో లేదో, అది వేరే సంగతి. నాతో అనకుండా దాంతో అంటావా? ఆ పిల్లెవరు, నేనెవరు?"

పరుపులు ఆరేసే ఆవిడ మా వంక చూసి లోపలికి పోయింది. నాకు చెప్పడానికి ఉంది. పైన గదిలో ఆ మనిషి ఎలా ఒరిగి ఉన్నాడో, నిచ్చెన మీద ఎంత బరువైపోయాడో, అంతా ఉంది.

"ఒరేయ్ తాళం" అన్నాడు. ఈసారి కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అన్నాడు. "మోసినవాడివి నువ్వూ నాతో పాటే. ఆ రోజు నేనెంత బాగున్నానో నువ్వు చూశావు."

చూశాను.

ఇంటికి వెళ్లేసరికి అక్క గుమ్మంలో ఉంది. మా ముఖాలు చూసింది. లోపలికి వెళ్లి కుర్చీ మీదున్న మెత్త తీసి మంచం కిందికి తోసింది. తర్వాత వంటగదిలోంచి నాతో మెల్లగా అంది, "నువ్వు చేసింది తప్పని నేననను రా. కానీ ఆయనకి ముందు చెప్పాల్సింది." ఆ మాటే అందరూ అన్నారు. అందరూ అన్నది నిజమే.

క్రేను గదికి ఇంకో ఊరి మనిషిని తెచ్చారు. చలికాలం వచ్చేసరికి కొత్త కాటా వచ్చింది, బావ ఇంట్లో కూర్చున్నాడు. కొన్నాళ్లకి నడవడం మొదలుపెట్టాడు. నాతో కాదు. సాయంత్రాలు అక్కతో, ఏటి గట్టు మీద. గోదాం పైమెట్టు నుంచి చూస్తే ఇద్దరూ కనిపించేవాళ్లు. అక్క ముందు, అతను కాలు లాక్కుంటూ వెనక. రక్తం బాగుపడిందని అక్క చెప్పేది. అతను చాలా ఏళ్లు బతికాడు. మా ఇంటికి వచ్చేవాడు, మాట్లాడేవాడు, నా కూతురి పెళ్లికి దగ్గరుండి పనులు చేశాడు. కానీ నన్ను మళ్లీ బామ్మర్దీ అని పిలవలేదు. పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పేరు గోదాంలో ఎవరికీ తెలియదు, ఇంట్లో మా అమ్మ తప్ప ఎవరూ పిలిచేవాళ్లు కాదు. అతని నోటి నుంచి విన్నప్పుడల్లా ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. ఆ కాళ్లను రోజూ నడిపించిన మాటల్లో నా మాటా ఒకటి ఉందేమో. ఉన్నా అది నాకు ఓదార్పు కాలేదు.

డాక్టరు కాదన్న రోజు సాయంత్రం నేను అన్నం తినలేదు. తెల్లవారాక లేచి, లారీ వేళకి ముందే బావ గుమ్మం ముందుకి వెళ్లి నిలబడ్డాను. అక్క తలుపు తీసి, "మా తమ్ముడొచ్చాడండీ అనాలా, మీ బావమరిదొచ్చాడనాలా, ఏమని చెప్పను? ఆయనకి ఏదీ నచ్చదు ఇవాళ" అంది. లోపలి నుంచి బావ క్యారేజీ పట్టుకుని వచ్చాడు.

"ఏం కావాలి?"

"నడిచి పోదాం బావా" అన్నాను. "మెల్లగా. నీ కాలు ఎంత పోతే అంత."

"లారీ ఉందిగా."

"ఉంది."

"అయితే లారీలో పోతా. నా రక్తం నా ఇష్టం."

లారీ వీధి మొగదలకి వచ్చింది. వకీలు చేయి అందిస్తే బావ పట్టుకుని ఎక్కాడు. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, "తాళం, ఎక్కవా?" అని అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. లారీ నా మీద బురద చిమ్ముకుంటూ పోయింది. వెనక చెక్కకి ఆనుకుని కూర్చున్న బావ మలుపు తిరిగేదాకా నా వైపే చూశాడు. తర్వాత కనిపించలేదు.

నేను నడిచాను. ఏటి గట్టు మీదుగా, ఆస్పత్రి మెరక కింద నుంచి, చెక్కలు వేసిన వీధుల్లోంచి. గోదాం చేరేసరికి మొదటి లారీ దిగుమతి సగమైంది. మేస్త్రీ నాలుగు తిట్లు తిట్టాడు. బావ కాటా పక్కన కూర్చుని గుండ్లు సర్దుకుంటున్నాడు. నేను చెమట తుడుచుకుంటూ అతని ముందు నుంచి పోతుంటే, తల ఎత్తకుండానే కుర్చీ కింద ఉన్న నీళ్ల కూజాను కాలితో నా వైపు జరిపాడు.

వంగి తాగాను. తాగి, మూత పెట్టి, కూజాను మళ్లీ అతని కుర్చీ కిందే పెట్టి, బస్తాల దగ్గరికి వెళ్లాను.